మన ఇంటి షెడ్డులో ఆరుతున్నది ఏమిటి?



చలికాలం వచ్చిందంటే ఈ పేజీలో దగ్గు, ఆయాసం, పసిపిల్లల న్యుమోనియా, పెద్దవారి కీళ్ల నొప్పుల గురించి రాయడం మామూలు. ఈసారి అదే చలికాలానికి సంబంధించిన ఇంకో సంగతి రాస్తున్నాను. ఆసుపత్రిలో తల్లులు దీన్ని మాతో చెవిలో మాత్రమే చెబుతారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్క మంచం వాళ్లకు వినబడకుండా అడుగుతారు. "సిస్టరమ్మా, మా పిల్లగాడు వెనక షెడ్డులో ఏదో ఆకు ఆరబెడుతున్నడు. ఇంట్లో పెంచిందే, మందులు కొట్టింది కాదు అంటున్నడు. ఏం కాదు కదా?"

ఆ ఆకు గంజాయి. తొలకరికి వేసిన గింజ, పగటి పొద్దు తగ్గి రాత్రులు పెరిగే కాలానికి పూతకు వస్తుంది. అందుకే కోత, ఆరబెట్టడం అన్నీ ఈ చలి నెలల్లోనే పడతాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పత్తి, కంది చేల మధ్య అంతర పంటగా గంజాయి వేసిన కేసులు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఇప్పుడు చేనే అక్కరలేదు. క్వార్టర్ వెనక రెండు కుండీలు, మిద్దె మీద ఒక పాత డ్రమ్ము ఉంటే చాలు. దాన్ని ఆరబెట్టడానికి ఒక రేకుల షెడ్డు కావాలి. బండి పెట్టుకునేదో, పాత సామాన్లు పడేసేదో, తలుపు వేస్తే ఎవరూ తొంగి చూడనిదో ఒకటి ప్రతి కాలనీలోనూ ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో పెరిగినంత మాత్రాన అది మంచిది అయిపోదు. పరువు కోసం ఆ షెడ్డు తలుపు మూసి ఉంచిన కుటుంబం బిడ్డను కాపాడడం లేదు. బిడ్డకు వైద్యం అందే సమయాన్ని పోగొడుతోంది, తాను కూడా కేసులో చిక్కుకుంటోంది.

ఎండలో పెట్టలేనిది

మన ఇళ్లలో మిరపకాయలు, ఒరుగులు, వడియాలు ఎలా పెడతామో అందరికీ తెలుసు. మిద్దె మీద చీర పరిచి, నలుగురూ చూస్తుండగా, మంచి ఎండకు పెడతాం. మబ్బు పడితే పరుగెత్తి లోపలికి తెస్తాం. ఎందుకంటే ఎండ తగలని ఒరుగు బూజు పడుతుందని మన అమ్మమ్మల కాలం నుంచి తెలుసు.

గంజాయిని మిద్దె మీద పెట్టలేరు. వాసన వస్తుంది, పక్కవారు చూస్తారు. కాబట్టి చీకటి షెడ్డులో తీగ కట్టి వేలాడదీస్తారు, లేకపోతే పేపర్ పరిచి తలుపు మూస్తారు. చలికాలం రాత్రి ఆ రేకుల కింద చల్లగా, చెమ్మగా ఉంటుంది. చల్లని గాలి తడిని తక్కువగా మోస్తుంది, అందుకే ఆరడం ఆలస్యం అవుతుంది. తెల్లవారుజామున రేకుకు పట్టిన మంచు చుక్కలై కిందికి జారుతుంది. గాలిలో తేమ 65, 70 శాతం దాటిందంటే బూజుకు పండగే. పైకి ఎండినట్టు కనబడే మొగ్గ లోపల మెత్తగా ఉంటుంది. అక్కడే తెల్లగా, బూడిద రంగులో బూజు పెరుగుతుంది.

ఆ బూజుల్లో ఆస్పర్జిల్లస్ అనే జాతి ఉంది. దాని బీజాలు కంటికి కనబడవు. నిప్పు పెట్టి పీలిస్తే అవి చచ్చిపోతాయని పిల్లలు అనుకుంటారు. అన్నీ చావవు, పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరం చాలావరకు వాటిని తట్టుకుంటుంది. కానీ ఆస్తమా ఉన్నవారికి, స్టెరాయిడ్ మందులు వాడేవారికి, షుగర్ అదుపులో లేనివారికి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, హెచ్.ఐ.వి. వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారికి అవి ప్రమాదం. 1988లో అమెరికాలో ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న ఒక రోగి బూజు పట్టిన గంజాయి పీల్చి, ఈ ఫంగస్ ఊపిరితిత్తులకు పాకి చనిపోయిన సంగతి అక్కడి వైద్య పత్రికలో వచ్చింది.

మన ప్రాంతానికి ఇది ఇంకా దగ్గరి మాట. ఇక్కడ ఎన్నో ఇళ్లలో ముప్పై ఏళ్లు బాయి దిగి, బొగ్గు దుమ్ము పీల్చి, ఇప్పుడు రెండు మెట్లు ఎక్కితే ఆయాసపడే తండ్రి ఉంటాడు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవారు ఉంటారు. టీబీ తగ్గిన ఊపిరితిత్తిలో మిగిలిపోయే గుంతల్లో ఈ ఫంగస్ ముద్దగా పెరుగుతుంది. దగ్గితే నెత్తురు పడుతుంది. టీబీ తిరగబెట్టిందని భయపడి వస్తారు, చూస్తే ఇది. షెడ్డులో బూజు పట్టిన సరుకు దులిపితే లేచే దుమ్ము కొడుకు ఒక్కడి ముక్కులోకే పోదు. అదే ఇంట్లో దగ్గుతున్న తండ్రి కూడా దాన్నే పీలుస్తాడు.

కుంపటి, బల్బు, తలుపు మూసిన గది

చెమ్మ పోవాలని కొందరు షెడ్డులో బొగ్గుల కుంపటి పెడతారు. బొగ్గుకు మన దగ్గర కొదవ లేదు. ఈ మాట గంజాయి జోలికి పోనివారూ గుర్తు పెట్టుకోవాలి. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టి పడుకోవద్దు. సరిగా గాలి ఆడక మండే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తర్వాత వాంతి, మగత, ఆపైన స్పృహ పోతుంది. బాయి పని చేసినవారికి ఈ వాయువు కొత్త కాదు. గనిలో మంట లేచినప్పుడు మంట కంటే ముందు ప్రాణం తీసేది ఇదే. దీన్ని పసిగట్టడానికి వెనకటి రోజుల్లో గనుల్లోకి చిన్న పక్షులను తీసుకుపోయేవారు. తండ్రి బాయిలో నలభై జాగ్రత్తలు పాటించి తప్పించుకున్న వాయువును కొడుకు ఇంటి షెడ్డులో తయారు చేసుకోవడం ఎంత అన్యాయం!

ఇంకొందరు పెద్ద బల్బో, హీటరో, ఫ్యానో పెట్టి రాత్రంతా వదిలేస్తారు. అతుకుల వైరు, కింద ఎండిన ఆకు, పక్కన బండిలో పెట్రోలు. దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

వార్డులో మేము చూసేది

ఆరబెడితే పోయేది నీరు మాత్రమే. మత్తు పోదు. పచ్చి మొక్కలో మత్తు పదార్థం ఒక ఆమ్లం రూపంలో ఉంటుంది. నిప్పు తగలగానే అది టి.హెచ్.సి. అనే మత్తుగా మారుతుంది. ఒక మొగ్గలో అది ఎంత ఉందో పెంచినవాడికీ తెలియదు, పీల్చినవాడికీ తెలియదు. అమెరికాలో పట్టుబడిన గంజాయిని ఏటేటా పరీక్షించి చూస్తే, 1995లో దాదాపు 4 శాతం ఉన్న టి.హెచ్.సి. 2020 దాటేసరికి 15 శాతం దాకా పెరిగింది. తాత కాలపు గంజాయి, మనుమడి గంజాయి ఒకటి కాదు.

ఆసుపత్రికి వచ్చేవారిలో కొందరు గుండె దడదడలాడుతోందని, చచ్చిపోతానేమోనని భయపడుతూ వస్తారు. కొందరికి ఎవరో తమను వెంటాడుతున్నారని, ఇంట్లోవాళ్లే అన్నంలో ఏదో కలిపారని అనుమానం. దయ్యం పట్టిందని, చేతబడి జరిగిందని ఎక్కడెక్కడో తిప్పి, చివరికి మా దగ్గరికి తెస్తారు. 2019లో యూరప్‌లోని నగరాల్లోనూ బ్రెజిల్‌లోనూ చేసిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, గంజాయి ముట్టనివారితో పోలిస్తే రోజూ వాడేవారిలో ఇలాంటి మానసిక వ్యాధి ముప్పు దాదాపు 3 రెట్లు, ఎక్కువ మత్తు గల రకం రోజూ వాడేవారిలో దాదాపు 5 రెట్లు ఎక్కువ. మెదడు ఎదుగుదల 25 ఏళ్ల దాకా సాగుతుంది. పదిహేనేళ్లకు మొదలుపెట్టిన బిడ్డ కట్టుతున్న ఇంటి గోడలోనే నీళ్లు పోస్తున్నట్టు.

ఇంకో రకం రోగిని గుర్తు పట్టడం కష్టం. కడుపు నొప్పి, ఆగని వాంతులు. గ్యాస్ అంటారు, అల్సర్ అంటారు, స్కానింగులు తీస్తారు, ఏమీ కనబడదు. కానీ ఆ అబ్బాయి మాటిమాటికీ వేడి నీళ్లు పోసుకుంటాడు. మే నెల ఎండలో కూడా వేడి నీళ్ల స్నానం చేస్తేనే తెరిపి అంటాడు. ఏళ్ల తరబడి గంజాయి పీల్చేవారికి వచ్చే ఈ జబ్బును 2004లో ఆస్ట్రేలియా వైద్యులు మొదట వివరంగా రాశారు. దీనికి అసలు మందు గంజాయి మానడమే. మా నర్సులు "వేడి నీళ్లు పోసుకుంటే తగ్గుతుందా?" అని అడిగితే కోపం తెచ్చుకోకండి. ఆ ఒక్క ప్రశ్న మీకు వేల రూపాయల పరీక్షలు తప్పించవచ్చు.

చిన్నపిల్లల సంగతి మరీ ముఖ్యం. ఎండిన ఆకును లడ్డులోనో, చాక్లెట్‌లోనో కలిపి దాచిన ఇంట్లో, మూడేళ్ల పాప దాన్ని తీసి నోట్లో వేసుకుంటే మగతగా అయిపోతుంది, నడక తడబడుతుంది, ఊపిరి మందగించవచ్చు. అప్పుడు ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పరువు కోసం "ఏం తిన్నదో తెలియదు" అని దాస్తే, మెదడు జ్వరమేమో అని వెతకడంలోనే విలువైన గంటలు పోతాయి.

"తాతలు తాగలేదా? కెనడాలో తప్పు కాదు కదా?"

ఈ రెండు ప్రశ్నలు పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు తెలిసి ఉండాలి.

మొదటిది. నిజమే, మన దేశంలో చాలా చోట్ల ఒకప్పుడు ఎక్సైజు లైసెన్సుతో గంజాయి దుకాణాలు ఉండేవి. బ్రిటిష్ ప్రభుత్వం 1893-94లో దీని మీద ఒక కమిషన్‌నే వేసింది. కానీ 1985 నవంబరు 14న మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటినుంచి గంజాయి మొక్క పెంచడం, గంజాయి దాచడం, అమ్మడం, పీల్చడం నేరం. అయినా తాతలు చేసినవన్నీ మనం చేస్తున్నామా? తాతలు దీపం బుడ్డి పెట్టుకుని చదివారు. మనం పెట్టుకోవడం లేదు.

రెండోది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవారికి గంజాయి చట్టబద్ధం. చాలా రాష్ట్రాల్లో ఒక ఇంటికి 4 మొక్కల దాకా పెంచుకోవచ్చు. అక్కడి చలి గ్యారేజీల్లో ఆరబెట్టుకునేవారు ఉన్నారు. చదువుకో, ఉద్యోగానికో పోయిన మన పిల్లలు ఆ మాట ఫోన్‌లో తమ్ముళ్లకు చెబుతారు. కానీ అక్కడ కూడా వయసు పరిమితి ఉంది. ఇంట్లో పెంచింది అమ్మకూడదు. లైసెన్సు దుకాణంలో అమ్మే సరుకుకు బూజు, పురుగుమందుల పరీక్షలు ఉంటాయి. గ్యారేజీలో ఆరిన దానికి అక్కడా ఏ పరీక్షా లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో హెచ్చరిక. కొన్ని రాష్ట్రాలు అనుమతించినా, కేంద్ర చట్టం ప్రకారం అది వలస వచ్చినవారికి చిక్కే. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయితో సంబంధం ఉంటే పౌరసత్వం ఇచ్చేటప్పుడు చూసే మంచి ప్రవర్తనకు అడ్డు వస్తుందని అక్కడి వలస శాఖ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. పిల్లల్ని విదేశాలకు పంపిన తల్లిదండ్రులు ఈ మాట చెవిన వేయండి.

"మందుగా వాడతారు కదా" అని కూడా అంటారు. అవును, కొన్ని రకాల తీవ్రమైన మూర్ఛ జబ్బులకు ఈ మొక్క నుంచి తీసిన శుద్ధమైన మందును అమెరికాలో 2018లో అనుమతించారు. అది ఎన్ని మిల్లీగ్రాములో కొలిచి, డాక్టరు రాసి ఇచ్చేది. గసగసాల మొక్క నుంచి మార్ఫిన్ వస్తుందని మనం ఇంట్లో నల్లమందు కాచుకోము కదా.

చట్టం ఏమంటుంది?

నేను వకీలును కాను. కానీ తల్లులకు తెలియాల్సిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, ఒక్క మొక్క పెంచినా నేరమే. 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. "ఆకే కదా, పువ్వు కాదు" అనే వాదన మొక్క పెంచినవారికి పనికిరాదు.

రెండోది, గంజాయి దగ్గర ఉంటే ఎంత బరువు అన్నది చూస్తారు. 1 కిలో వరకు తక్కువ మొత్తం, దానికి ఏడాది దాకా శిక్ష. 20 కిలోలు దాటితే వ్యాపార మొత్తం, దానికి పదేళ్లకు తగ్గని శిక్ష. పీల్చినందుకు ఆరు నెలల దాకా శిక్షో, పదివేల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు.

మూడోది, ఇదే చాలామందికి తెలియదు. 25వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరానికి తన ఇల్లో, గదో, ఆవరణో వాడుకోవడానికి తెలిసి ఒప్పుకున్న యజమానికి లేదా అందులో ఉంటున్నవారికి అదే నేరానికి ఉన్న శిక్ష పడుతుంది. షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? క్వార్టర్ ఎవరి పేరు మీద ఉంది? "నాకేం సంబంధం, వాడు చేసుకున్నాడు" అని తెలిసీ ఊరుకున్న తండ్రికి ఈ మాట చెప్పాలి. తమ్ముడికి పొట్లం ఇచ్చి పంపడం ఇంకా పెద్ద తప్పు. పిల్లలతో మత్తు పదార్థాలు మోయించడం, అమ్మించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం.

నాలుగోది, చట్టం ఒక తలుపు తెరిచే ఉంచింది. 64ఎ సెక్షన్ ప్రకారం, మత్తుకు అలవాటుపడ్డ మనిషి తనంతట తాను ముందుకు వచ్చి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే, వాడినందుకూ తక్కువ మొత్తం ఉంచుకున్నందుకూ అతనిపై విచారణ ఉండదు. చికిత్స పూర్తి చేయాలి, మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. రెండు సంగతులు మనసులో పెట్టుకోండి. మొక్కలు పెంచినవారు, అమ్మినవారు దీని మీద భరోసా పెట్టుకోకూడదు, వారు వకీలును అడగాలి. ఇంకొకటి, ఏ ఆసుపత్రిలోనైనా సలహా దొరుకుతుంది కానీ, చట్టం చెప్పే రక్షణ కావాలంటే అది ప్రభుత్వ ఆసుపత్రో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రమో అయి ఉండాలి. చేరేముందే ఆ మాట అడిగి తెలుసుకోండి.

వకీలు ఫీజుకు భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవారందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫోన్ నంబరు 15100. ఒక తల్లి ఆ నంబరుకు ఫోన్ చేసి "మా ఇంట్లో ఇలా ఉంది, ఏం చేయాలి?" అని అడగవచ్చు.

బాయికి పోయే ఇంట్లో

మన ప్రాంతంలో ఎంతోమంది పిల్లలు తండ్రి ఉద్యోగం కోసం ఎదురు చూస్తూ ఉంటారు. చదువు అయిపోయింది, పని లేదు, డిపెండెంట్ ఉద్యోగం ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ ఖాళీ ఏళ్లలోనే ఇది పట్టుకుంటుంది. కేసు పడితే ఉద్యోగం ముందు జరిగే పోలీసు విచారణలో అది అడ్డం రావచ్చు. ముప్పై ఏళ్లు తండ్రి మస్టర్ పడి సంపాదించుకున్న అవకాశం షెడ్డులో ఆరిన ఆకుతో పోతుంది.

ఉద్యోగం వచ్చినా సంగతి తేలిక కాదు. భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోకూడదని మనకు తెలుసు. ఒక్కడి నిప్పురవ్వకు పక్కవాడు బలి అవుతాడు కాబట్టే ఆ నియమం పెట్టారు. మత్తు కూడా అంతే. గంజాయి మనిషి చురుకును, దూరం అంచనా వేసే శక్తిని తగ్గిస్తుంది. ఓపెన్ కాస్ట్‌లో డంపర్ నడిపేవాడు, పైకప్పు దిమ్మె పట్టేవాడు, రాజీవ్ రహదారి మీద లారీ నడిపేవాడు అర క్షణం ఆలస్యం చేస్తే చాలు. అతని వెనక ఉన్నవాడికీ ఇంటి దగ్గర అన్నం పెట్టుకుని ఎదురు చూసే మనిషి ఉంటుంది.

మన మౌనం గురించి

అందరికీ నచ్చకపోయినా ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను.

కొడుకు గంజాయి వాడుతున్నాడని తెలిసినప్పుడు మన కుటుంబాలు చేసేవి మూడు. కొట్టి గదిలో పెట్టడం. మేనమామ ఊరికి పంపేయడం. పెళ్లి చేస్తే మారతాడని సంబంధం చూడడం. ఈ మూడూ వైద్యం కాదు. కొడితే దాచుకోవడం నేర్చుకుంటాడు. ఊరు మారిస్తే అక్కడ కొత్త స్నేహితులు దొరుకుతారు. పెళ్లి చేస్తే ఒక ఆడపిల్ల జీవితాన్ని చికిత్స ఖర్చు కింద రాసినట్టే. ఆ అమ్మాయి రేపు నెలల బిడ్డను ఎత్తుకుని మా ఓపీ ముందు కూర్చుంటుంది.

ఇంకొందరు "పోలీసులకు పట్టివ్వాలి, అప్పుడే బుద్ధి వస్తుంది" అంటారు. అమ్మేవాడి విషయంలో నేనూ అదే అంటాను. కాలేజీ గేటు దగ్గర, బస్టాండ్ పక్కన పొట్లాలు అమ్మేవాడి సంగతి పోలీసులకు చెప్పడం మన బాధ్యత. కానీ అలవాటుపడ్డ పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి జైలు మందు కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వే లెక్క ప్రకారం దేశంలో గంజాయి, భంగు వంటివి వాడేవారు దాదాపు 3.1 కోట్లు. వారిలో చికిత్స లేదా సహాయం అవసరమైనవారు దాదాపు 72 లక్షలు. ఇంతమందికి జైళ్లు చాలవు. ఆసుపత్రులు, కౌన్సెలర్లు కావాలి. వ్యాపారిని, రోగిని ఒకే కర్రతో కొట్టడం న్యాయం కాదు.

సంఘంలో ఉన్న మనకు కూడా ఒక మాట. ఏటా జూన్ 26న మత్తు పదార్థాల వ్యతిరేక దినం జరుపుకుంటాం. ర్యాలీ తీస్తాం, ప్లకార్డులు పట్టుకుంటాం, ఫోటో దిగుతాం. జూన్ 27న ఆ తల్లి ఎవరి దగ్గరికి పోవాలి? ఆరాధనకు వచ్చిన ఆమెను చూసి మనం గుసగుసలు ఆడితే, వచ్చే ఆదివారం ఆమె రాదు. వారానికి ఒక గంట, ఒక గది, ఒక తెలిసిన మనిషి ఉండి, చెప్పింది బయటికి పోనివ్వకుండా విని, సరైన ఆసుపత్రికి వెంట తీసుకుపోతే చాలు. పది ర్యాలీల కంటే అది మేలు.

ఏం చేయాలి?

ముందు గమనించండి. మూసిన షెడ్డులో ఫ్యాన్ తిరుగుతుంటే, వేళ కాని వేళ అగరుబత్తి వాసన వస్తుంటే, ఖాళీ చేసిన బీడీలు, సన్నని రోలింగ్ పేపర్లు, కంటి చుక్కల మందు దొరికితే, ఎర్రని కళ్లు, ఆకలి మార్పు, పగలు నిద్ర కనిపిస్తే ఆలోచించండి. ఒక్క గుర్తు చూసి నిందలు వేయవద్దు. కళ్లు ఎర్రబడటానికి వంద కారణాలు ఉంటాయి.

తర్వాత మాట్లాడండి. మత్తులో ఉన్నప్పుడు కాదు, పొద్దున్నే తేటగా ఉన్నప్పుడు, తల్లో తండ్రో ఒక్కరే కూర్చుని అడగండి. "ఎంత కాలం నుంచి? రోజూనా? మానాలని ఎప్పుడైనా అనిపించిందా?" అన్నవి మంచి ప్రశ్నలు. "మా పరువు తీశావు" అన్నది ప్రశ్న కాదు.

మానేటప్పుడు వచ్చే ఇబ్బందికి సిద్ధంగా ఉండండి. మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, పిచ్చి కలలు మొదలవుతాయి. మొదటి వారం ఎక్కువ. రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. చాలామంది తల్లులు ఈ వారంలోనే భయపడి "కొంచెం తాగనీ, శాంతిస్తాడు" అంటారు. ఆ వారం గడిచేదాకా గట్టిగా నిలబడండి. నీళ్లు, వేళకు తిండి, నడక, పక్కన మనిషి కావాలి. చచ్చిపోతానని అన్నా, ఎవరో చంపడానికి వస్తున్నారని అన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

గంజాయి అలవాటుకు ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. "ఒక్క ఇంజెక్షన్‌తో మాన్పిస్తాం", "తెలియకుండా టీలో కలపండి" అనే ప్రకటనలకు డబ్బు పోయకండి. పనిచేసేది కౌన్సెలింగ్, దానితో పాటు నిద్రకో, ఆందోళనకో డాక్టరు రాసే మందు. వాడినవారిలో దాదాపు పది మందికి ఒకరు దానికి బానిస అవుతారు. 18 ఏళ్ల లోపు మొదలుపెట్టినవారిలో దాదాపు ఆరుగురికి ఒకరు. అంటే చాలామంది మానగలిగే స్థితిలోనే ఉంటారు. ఎంత త్వరగా తెస్తే అంత సులువు.

ఫోన్ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి. మానసిక సమస్యలకు టెలి-మానస్ 14416, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించే జాతీయ సహాయ నంబరు 14446. దూరం పోగలిగినవారికి హైదరాబాద్ ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్య సిబ్బంది బాధ్యత. మా వార్డులో కూడా మీరు చెప్పే మాట పక్క మంచానికి వినబడదు.

మిరపకాయలను ఎండలో పెట్టుకునే మనం, మన బిడ్డల కష్టాన్ని మాత్రం చీకటి గదిలో ఎందుకు పెట్టుకోవాలి? షెడ్డు తాళం తీయండి. లోపల ఏముందో చూడండి. చూశాక కొట్టడానికి చేయి ఎత్తకుండా, అదే చేత్తో బిడ్డను పట్టుకుని ఓపీ టికెట్ తీసుకోండి. సోమవారం పొద్దున్న లైను కొంచెం పొడవుగా ఉంటుంది. అయినా రండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్